తెరచాప పడవయు, చేతిలోని ఫోనును

గడచిన రెండవ టర్మునందు మా పాఠశాల వక్తృత్వ సంఘమువారు ఒక చర్చ నేర్పాటు చేసిరి. దారి చూపుటకు ఫోనులున్న ఈ కాలమున పటములు చదువుట నేర్వనక్కరలేదనునది తీర్మానము. మమ్ము అధ్యక్ష పీఠమున కూర్చుండబెట్టిరి గనుక మేము నోరు మెదపుటకు వీలులేకపోయెను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, లారీ తోలువాని సంగతియు, ఊరు చూడవచ్చిన చుట్టము సంగతియు చెప్పి, తుదకు తన తురుపుముక్క వేసెను. "అంత యెందుకు? దారియే లేని సముద్రములో తెరచాప పడవలవారు సైతము ఫోను చూచుకొని పోవుచున్నారు. వారికే అక్కరలేని పాఠము మనకెందుకు?" అనెను. సభ చప్పట్లతో మారుమ్రోగెను. తీర్మానము గొప్ప మెజారిటీతో నెగ్గెను.

చర్చ చర్చగా ముగిసినయెడల మేము ఊరకుందుము. కాని ఆ సాయంకాలమే ఉపాధ్యాయుల గదిలో, శుక్రవారపు పటముల గంటను వచ్చు జూను నుండి కంప్యూటరు తరగతికి ఇచ్చివేయవలెనను పాతమాట మరల బయలుదేరెను. ప్రధానోపాధ్యాయులవారు తొందరపడక, వేసవి సెలవులలోగా మా అభిప్రాయము వ్రాసి యిమ్మనిరి. మేము వ్రాసియిచ్చినదానినే కొంత పెంచి ఈ సంచికకు పంపుచున్నాము. లారీని, చుట్టమును విడిచిపెట్టి, ఆ బాలుడు చూపిన పడవనే ఎక్కుదుము. ఏలయనగా అతడు ఎన్నుకొన్న ఉదాహరణము మంచిది. రోడ్డుమీద దారి తప్పినవాడు ఎవరినైన అడుగవచ్చును. సముద్రముమీద అడుగుటకు ఎవరును ఉండరు.

ముందుగా అతని మాటలోని నిజమును ఒప్పుకొనవలెను. అది చిన్న నిజము కాదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున జి.పి.ఎస్. ఉపగ్రహములు తిరుగుచున్నవి. ప్రతి ఉపగ్రహమును తానెచ్చట నున్నదియు, అప్పటి వేళ యెంతయు ఎడతెగక చాటుచుండును. చేతిలోని ఫోను కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములను విని, ఒక్కొక్క సంకేతము తన్ను చేరుటకు పట్టిన కాలమునుబట్టి దూరములు లెక్కగట్టి, తానున్న చోటు చెప్పును. ఆకాశము బయలుగా నున్నచో ఆ లెక్కలో తేడా సుమారు 5 మీటర్లు మాత్రమే. 2000 సంవత్సరము మే నెల వరకు అమెరికా ప్రభుత్వమువారు సామాన్యుల కందు సంకేతమును బుద్ధిపూర్వకముగా కొంత చెరచి యుంచిరి. అందువలన 100 మీటర్ల వరకు తప్పు వచ్చుచుండెను. ఆ అడ్డు తొలగినది. రష్యావారి గ్లొనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బైదూ, మన దేశపు నావిక్ అనునవియు ఇప్పుడు అదే పనికి ఆకాశమున నున్నవి.

ఇది యెంత గొప్ప మేలో తెలియగోరువారు 1707 సంవత్సరపు అక్టోబరును తలచుకొనవలెను. ఇంగ్లండునకు తిరిగివచ్చుచున్న యుద్ధనౌకలు నాలుగు, తామెచ్చట నున్నదియు సరిగా నెరుగక, సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకొని మునిగెను. వేయిమందికి పైగా చనిపోయిరి. మన పిల్లలు బొమ్మలు చూచు ఫోను ఆ నాయకుల చేతిలో నుండినయెడల వారు బ్రదికియుందురు. కాబట్టి ఈ పరికరములను తిట్టుటకు మేము కలము పట్టలేదు.

తలిదండ్రులలో పలువురు సిగ్నలు లేనిచోట ఫోను దారి చూపదని యనుకొందురు. అది పొరపాటు. ఉపగ్రహముల మాట వినుటకు సిమ్ కార్డుగాని, టవరుగాని, ఇంటర్నెట్టుగాని అక్కరలేదు. కావలసినది పటము. ఒడ్డున నుండగనే ఆ తీరపు సముద్రపటమును ఫోనులోనికి దింపుకొననివాడు నడిసముద్రమున ఒక నీలి పలకమీద చుక్కయై మిగులును. ఆ చుక్క సరియైన చోటనే యుండును గాని, చుట్టునున్న దేదియు కనబడదు.

ఫోను, టాబ్లెట్, లాప్‌టాప్ అను మూడును ఒక్క జాతివి కావు. ఫోను జేబులో నుండును, గ్రాహకము దానిలోనే కలదు. కాని దాని అద్దము చిన్నది. టాబ్లెట్ అద్దము పెద్దది. అయితే చవకయని కొను వైఫై మాత్రపు ఐపాడులో ఉపగ్రహ గ్రాహకమే లేదు; నగరములో చుట్టుప్రక్కల వైఫైలను బట్టి చోటు ఊహించి చెప్పును, ఒడ్డు దాటగనే మూగబోవును. దానికి వేరుగ నొక గ్రాహకము కొనవలెను. లాప్‌టాప్ సంగతియు ఇంచుమించు అంతే. దానిలో ఓపెన్ సీపీఎన్ అను ఉచిత ప్రోగ్రాము వేసికొని, చిన్న గ్రాహకమును తగిలించి, ప్రయాణమంతయు బల్లమీద ముందుగా దిద్దుకొనుటకు అంతకంటె మంచి సాధనము లేదు. కాని పడవ పన్నెండు వోల్టుల బాటరీని అది త్వరగా త్రాగివేయును; ఉప్పునీరు దాని మీటలకు సరిపడదు.

ఈ సంగతులు మేము పుస్తకములలో చదివినవే. వానికి ప్రాణము పోసినవాడు మా పాత విద్యార్థి యొకడు. భీమునిపట్టణమునకు చేరువనున్న జాలరిపల్లె వాడు. ఫూకెట్ నుండి కొచ్చిన్ వరకు ఒక విదేశీయుని తెరచాప పడవలో పనివాడుగా వచ్చి, జీతము పుచ్చుకొని, ఈస్టరు సెలవులలో మమ్ము చూడవచ్చెను. కాఫీ చల్లారిపోవుచున్నను అతని మాట ఆగలేదు.

"అయ్యగారూ, ఓనరుగారి టాబ్లెట్ రెండోనాడే అలిగింది" అని మొదలుపెట్టెను. చుక్కాని చక్రము ప్రక్కన దానిని బిగించి యుంచిరట. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడెను. వేడి యెక్కువైనదని ఒక హెచ్చరిక చూపి అది కన్ను మూసికొనెను. ఇట్టి పరికరములు 35 డిగ్రీల వేడి వరకే పనిచేయుటకు ఉద్దేశింపబడినవని తయారుచేసినవారే చెప్పుచున్నారు. మన సముద్రములమీద నీడ లేని బల్ల ఎంత కాలునో చెప్పనక్కరలేదు. దానిని తడిగుడ్డ నీడన అరగంట యుంచిన పిమ్మట గాని తెలివి రాలేదట. మరునాడు వాన. చినుకులు అద్దముమీద పడుచుండగా పటము తనంతట తానే జరుగుచు, పెద్దదగుచు, చిన్నదగుచు నుండెను. తడివ్రేళ్లతో ఎంత తట్టినను మాట వినలేదు.

అంతకంటె వింత యొకటి చెప్పెను. ఒక రాత్రి ఇతడు దిక్సూచి చూచి పడవ నడపుచుండెను. దిక్సూచి చెప్పు దిక్కునకును, టాబ్లెట్ మీద గీయబడుచున్న దారికిని ఇంచుమించు 15 డిగ్రీల తేడా. ప్రవాహము లాగుచున్నదేమో యని గంటసేపు తలబాదుకొనిరి. తుదకు టాబ్లెట్ తొడుగులోని అయస్కాంతము దిక్సూచి ముల్లును లాగుచున్నదని తెలిసెను. దారి చూపుటకు తెచ్చినది, అంతకుముందే దారి చూపుచున్న దానిని చెడగొట్టెను! దానిని రెండు మూరల దూరమునకు జరుపగనే ముల్లు తన చోటికి వచ్చెను. మా తరగతిలో అయస్కాంత పాఠము చెప్పునప్పుడు ఈ కథను ఇక విడువము.

ఉరుములు వచ్చినప్పుడు ఓనరుగారు ఒక ఫోనును, చేతి రేడియోను తెచ్చి వంటపొయ్యి ఇనుపపెట్టెలో పెట్టి మూతవేసెనట. పిడుగు పడినచో పడవలోని విద్యుత్ పరికరములన్నియు ఒక్క దెబ్బకు చచ్చునని, ఇనుపపెట్టెలోనివి దక్కవచ్చునని ఆయన యెరిగియుండెను. మావాడు మొదట నవ్వెనట. కారణము విని నవ్వు మానెనట.

అద్దపు వెలుగును గూర్చి అతడు చెప్పినది మాత్రము నవ్వుతో చెప్పలేదు. రాత్రి వెలుగుచున్న అద్దము చూచిన కన్నునకు చీకటి మరల అలవడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. శ్రీలంకకు దక్షిణమున నొక రాత్రి అద్దముమీద ఒక్క ఓడయు లేదు. తల యెత్తిచూడగా నూరు గజముల దూరమున చేపలపడవ యొకటి, చిన్న లాంతరుతో. పెద్ద ఓడలు తమ యునికిని రేడియోమీద చాటుకొనును గనుక అద్దముమీద కనబడును. చిన్న చేపలపడవలలో పెక్కింటికి ఆ యంత్రమే లేదు. "ఆ పడవలో మా నాన్నే ఉన్నట్టనిపించిందండీ" అని యూరకుండెను. మన తీరమున తెల్లవారుజామున బయలుదేరు తెప్పలును ఏ అద్దముమీదను కనబడవు.

అయినను ఇవన్నియు ఉపాయమునకు లొంగు లోపములు. నీడ కల్పింపవచ్చును, రెండవ ఫోను ఉంచుకొనవచ్చును, వెలుగు తగ్గింపవచ్చును. చెడిపోయిన పరికరమునుగూర్చి మాకంత భయము లేదు. అది చెడిపోయినదని మనకు తెలియును. చక్కగా పనిచేయు పరికరమునుగూర్చియే మా భయము. ఇందులకు ఒక సంగతి చెప్పెదము.

2014 నవంబరు 29వ తేది. భూమిని చుట్టివచ్చు వోల్వో ఓషన్ పందెమున కేప్‌టౌను నుండి అబూధాబికి పరుగెత్తుచున్న ఏడు పడవలలో వెస్టాస్ విండ్ అనునది యొకటి. అందులో తొమ్మండుగురు. వారు క్రొత్తవారు కారు. సముద్రమే వృత్తిగా గలవారు. పటములు చూచు నావిగేటరు ఆరితేరినవాడు. కంప్యూటర్లున్నవి, పటములున్నవి, ఉపగ్రహ గ్రాహకములున్నవి. ఏదియు చెడలేదు. అన్నియు సరిగా పనిచేయుచుండగనే ఆ పడవ, మారిషస్‌నకు ఈశాన్యముగా సుమారు 430 కిలోమీటర్ల దూరముననున్న కార్గడోస్ కారహోస్ అను పగడపు దిబ్బలమీదికి చీకటిలో మంచి వేగముతో ఎక్కెను. చుక్కానులు విరిగెను, వెనుకభాగము నుజ్జగుచుండెను. అలలు కొట్టుచుండగా రాత్రి చాల భాగము పడవలోనే గడపి, పిదప నీటిలో దిగి దిబ్బమీదికి నడచిరి. అల్విమెడికా అను మరియొక పోటీపడవ తన పందెమును ప్రక్కకు పెట్టి వారికి తోడుగా నిలిచెను. వెలుగు వచ్చిన తరువాత చేరువ దీవి నుండి వచ్చిన పడవ వారిని కాపాడెను. ఒక్క ప్రాణమును పోలేదు.

ఆ దిబ్బలు చిన్న రాయి కాదు. పదుల కిలోమీటర్ల పొడవుగలవి. శతాబ్దములుగా నావికు లెరిగినవి. పటములో లేవా? ఉన్నవి. మరి ఎట్లు కనబడలేదు? పందెపు దారి బయలుదేరుటకు కొంచెము ముందు, తుపాను కారణమున మార్చబడెను. అంతవరకు పోరాదని గీసియుంచిన ప్రదేశము తెరవబడెను. క్రొత్త దారిని నావిగేటరు తొందరలో అద్దముమీద చూచెను. పెద్ద సముద్రమంతయు ఒక్క చూపున పట్టునట్లు పటమును చిన్నది చేసి చూచినప్పుడు, ఆ చోట కొంత మెరకయు, 40 మీటర్ల లోతును మాత్రమే తోచెను. ఏ పడవకైనను 40 మీటర్ల లోతు చాలును. రెండు వ్రేళ్లతో పటమును ఇంకను పెద్దది చేసియుండినచో పగడపు దిబ్బయు, దీవులును బయటపడియుండును. ఆ ఒక్క పని జరుగలేదు. తప్పు తనదేయని ఆ నావిగేటరు లోకమంతటి యెదుట ఒప్పుకొనెను. అతనిని మేము గౌరవింతుము. 2015 మార్చిలో వెలువడిన విచారణ నివేదిక, ఎలక్ట్రానిక్ పటములను వాడినతీరునందలి లోపమును, ఆ పటములు ఆ ప్రమాదస్థలమును చూపినతీరునందలి లోపమును రెంటిని ఎత్తిచూపెను. పడవను మరల కట్టి ఆ జూనులో పందెమునకు దింపిరి.

ఎలక్ట్రానిక్ పటములలో రెండు జాతులు గలవు. ఒకటి కాగితపు పటమునకు తీసిన ఫోటోవంటిది. ఎంత పెద్దది చేసినను ఉన్నదే కనబడును. రెండవది వస్తువుల పట్టిక వంటిది. ఇచ్చట రాయి, అచ్చట దీపస్తంభము, ఇచ్చట లోతు ఇంత అని వ్రాసికొని, మనము చూచు మేరనుబట్టి అప్పటికప్పుడు బొమ్మ గీయును. అద్దమంతయు అంకెలతో నిండిపోకుండ, కొన్నిటిని దాచును. దాచినది ఇదియని చెప్పదు. మన అట్లాసులో హిందూదేశపు పుటమీద మా పాఠశాల యెదుటి కలుజు లేదు. లేదని యెవరును మోసపోరు. ఏలయనగా ఆ పుట దేశమంతటిదని తెలిసియే తెరచినాము. స్కేలు పుట అంచున ముద్రింపబడియున్నది, అది కదలదు. అద్దముమీద స్కేలు వ్రేలికొనను ఉన్నది. క్షణక్షణము మారును. ఎంత మేరను చూచుచున్నామో కన్ను మరచిపోవును. కన్ను మరచినదానిని మనస్సు గుర్తుంచుకొనవలెనన్నచో, స్కేలనగా నేమో ఆ మనస్సునకు ముందే తెలిసియుండవలెను. ఆ బాలుడు అక్కరలేదన్న పాఠము ఇదియే.

ఇంకొకటి. అద్దముమీది చుక్క 5 మీటర్ల నిజము చెప్పును గాని, దాని క్రిందనున్న పటము ఎప్పటిది? లోకములో పెక్కు చోట్ల సముద్రపు లోతులు నేటికిని పూర్వకాలపు నావికులు సీసపు గుండు త్రాటికి కట్టి వేసి చూచినవే. వారు చుక్కలను కొలిచి తమ చోటును నిర్ణయించుకొనిరి. కొన్ని దీవులను నూర్లకొలది మీటర్లు ప్రక్కకు గీసిరి. నేటి చుక్కను నిన్నటి పటముమీద పెట్టినప్పుడు పడవ కొండమీద నడచుచున్నట్లు కనబడును. పటమును ఎంత పెద్దది చేసినను పాత కొలత క్రొత్తది కాదు.

సంకేతమే అబద్ధమాడుటయు కలదు. 2017 జూనులో నల్లసముద్రమునందు నొవొరొసీస్క్ రేవు చేరువ నున్న ఓడ యొకటి, తాను గెలెంజిక్ విమానాశ్రయమున, నేలమీద నున్నట్లు తన యంత్రము చెప్పుచున్నదని తెలియజేసెను. చుట్టునున్న మరి యిరువది ఓడలకును అదే గతి. ఆ నాయకుడు కిటికీలోనుండి సముద్రమును చూచి నవ్వుకొనియుండును. కాని తేడా విమానాశ్రయమంత కాక, ఒక్క మైలే యైనచో?

ఇంతవరకు చదివినవారు, మేము ఫోనులను సముద్రములో పారవేయుమనుచున్నామని తలంపవచ్చును. అభిలాష్ టామీగారి కథ ఆ తలంపును పోగొట్టును. మన నావికాదళపు అధికారియైన ఆయన 2018లో గోల్డెన్ గ్లోబ్ పందెమునకు పోయెను. ఆ పందెములో 1968 నాటి సాధనములే వాడవలెను. కాగితపు పటము, సెక్స్టంటు, గడియారము. జి.పి.ఎస్. ను ఆపదకొరకు పెట్టెలో పెట్టి ముద్రవేసి పంపుదురు. సెప్టెంబరు 21న దక్షిణ హిందూమహాసముద్రమున, పెర్తు నగరమునకు సుమారు 1,900 సముద్రపు మైళ్ల దూరమున, తుపాను ఆయన పడవను దొర్లించెను. స్తంభము విరిగెను, ఆయన నడుము దెబ్బతినెను, కదలలేకపోయెను. అప్పుడు ఆయన చోటును లోకమునకు తెలిపినవి ఉపగ్రహములే. మన నావికాదళపు విమానము ఆ చోటికే పోయి చూచెను. ఫ్రెంచివారి ఒసిరిస్ అను నౌక సెప్టెంబరు 24న ఆయనను రక్షించెను. సెక్స్టంటును పూజించువారు ఈ మూడు దినములను మరువరాదు. ఆయన మరల 2022లో అదే పందెమునకు పోయి, 2023 ఏప్రిలు 29న రెండవవానిగా తిరిగి రేవు చేరెను.

కాగితముమీద మాకు మూఢభక్తి లేదు. కాగితము తడియును, చిరుగును. దిద్దనిచో అదియు పాతబడును. అమెరికా ప్రభుత్వమువారు తమ సాంప్రదాయపు కాగితపు సముద్రపటములను ఇప్పటికే విరమించిరి. పరికరము ఏదైనను, దాని మాటను సరిచూచుటకు రెండవ సాక్షి యొకడు ఉండవలెననియు, ఆ సాక్షిని ప్రశ్నించు విద్య నావికునికి తెలిసియుండవలెననియు మాత్రమే మేము చెప్పునది. ఆ విద్య ఎంత చిన్నదో చూడుడు. గంటకొకసారి ఫోను చూపిన అక్షాంశ రేఖాంశములను పుస్తకములో వ్రాసికొనవలెను. గంటకు 5 సముద్రపు మైళ్ల చొప్పున 3 గంటలు ఉత్తరముగా పోయినచో 15 మైళ్లు. అక్షాంశములో ఒక నిమిషము ఒక మైలు గనుక, 15 నిమిషములు పెరిగియుండవలెను. ఫోను 15 అనిన సరే. 40 అనిన ఎవరో అబద్ధమాడుచున్నారు. ఆరవ తరగతి లెక్క. ఫోను చచ్చిననాడు కడపట వ్రాసిన ఆ యంకెలే పడవకు ఆధారము.

రెండవ సాక్షి ఒక్కడే కాడు. లోతు చెప్పు యంత్రమున్నది. పటము 30 మీటర్లనుచుండగా అది 12 అనినచో చుక్క ఎక్కడ నున్నను నమ్మరాదు. ఈ యంత్రము క్రొత్తది గాని, పని చాల పాతది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమున పౌలుగారు ఎక్కిన ఓడవారు అర్ధరాత్రివేళ బుడుదు వేసి చూచినట్లు మన పిల్లలెల్లరు ఆదివారపు బడిలో చదివినదే. మొదట 20 బారలు, కొంతదూరము పోగా 15. రెండు కొలతలు చాలెను. నాలుగు లంగరులు వేసి తెల్లవారుటకు ఎదురుచూచిరి. పటము లేదు, దీపస్తంభము లేదు. లోతు తగ్గుచున్నదన్న ఒక్క తీసివేతలెక్క ఆ రాత్రి వారిని రాళ్లమీద పడకుండ ఆపెను.

మా పాత విద్యార్థి తాతగారు చదువుకొన్నవారు కారు. వల వేయు చోటును కొండగుర్తులతో పట్టెడివారట. దగ్గరి తాడిచెట్టు దూరపు కొండకొమ్ముతో ఒక వరుసకు వచ్చినప్పుడు ఒక గీత. మరియొక దిక్కున ఇంకొక జత కలిసినప్పుడు రెండవ గీత. రెండును కలిసినచోట చేప. ఇది మేము శుక్రవారము స్కేలు, పెన్సిలు పుచ్చుకొని నేర్పుదానికంటె వేరుగాదు. ఆయన కుమారుడు ఇప్పుడు జి.పి.ఎస్. యంత్రము వాడుచున్నాడు, హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రమైన ఇన్‌కాయిస్ వారు చేపలు దొరకు చోట్ల అక్షాంశ రేఖాంశములను పంపుదురు. "మా నాన్న రెండూ చూస్తాడండీ. యంత్రం చెప్పిన చోటికెళ్ళి కొండవైపు చూసి గాని వల వెయ్యడు" అని అతడు చెప్పినప్పుడు, మా చర్చాసభలో ఆ జాలరి మాటాడియుండిన బాగుండెడిదనిపించెను.

మా సహోపాధ్యాయులలో ఒకరు, "నావికులు కాబోవువారికి సరే, మన బడిలో సముద్రమెక్కువా రెందరు?" అనిరి. న్యాయమైన ప్రశ్నయే. ఎందరో మాకును తెలియదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి తారిణి అను 55 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు స్త్రీలు భూప్రదక్షిణమునకు బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిరి. అందులో విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతిగారును, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటిగారును ఉండిరి. వారు చిన్నతనమున తరగతిలో కూర్చున్నప్పుడు వారి ఉపాధ్యాయులు మాత్రము ఈ సంగతి యెరుగుదురా? నావికాదళమువారు వారికి సముద్రయానమును, పటవిద్యను, వాతావరణ శాస్త్రమును నేర్పిన పిమ్మటనే ఆ పడవ నప్పగించిరి. అమెరికాలో అన్నాపొలిస్‌నందున్న నావికాదళ విద్యాలయమువారు, జి.పి.ఎస్. ఉండగా చుక్కలనుబట్టి చోటు కనుగొను పాఠమెందుకని కొన్నేండ్లు మానివేసి, 2015లో మరల మొదలుపెట్టిరి. యంత్రముల మీదికి శత్రువు చేయి చాచగలడని వారికి తోచెను. అంత ధనము, అన్ని ఉపగ్రహములు గలవారే మానిన పాఠమును మరల తెచ్చుకొనినప్పుడు, ఒక గంటను మిగుల్చుకొనుమని మేము బ్రతిమాలుట తప్పుగాదనుకొందుము. కంప్యూటరు తరగతికి మేము విరోధులము కాము. శుక్రవారమే రెండు తరగతులను కలిపి, ఓపెన్ సీపీఎన్‌ను కంప్యూటరుమీద తెరచి, ప్రక్కబల్లమీద కాగితపు పటమును పరచుటకు మేము సిద్ధముగా నున్నాము. ఆ సంగతియు ప్రధానోపాధ్యాయులవారికి వ్రాసియిచ్చితిమి.

పోవునప్పుడు మా పాత విద్యార్థి, దెహ్రాదూనులోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయమువారు అచ్చువేసిన మన తీరపు సముద్రపటమొకటి మాకు కానుకగా నిచ్చెను. అంచులు నలిగినవి, ఒక మూల టీ మరక. భూగోళపు గదిలో తగిలించితిమి. సెలవులు కాగానే, తురుపుముక్క వేసిన ఆ తొమ్మిదవ తరగతి బాలుని పిలిచి, విశాఖపట్టణపు రేవునుండి తిన్నగా తూర్పునకు గంటకు 5 మైళ్ల చొప్పున 12 గంటలు పోయిన పడవ ఎచ్చట నుండునో గుర్తుపెట్టుమంటిమి. 60 మైళ్లని వెంటనే చెప్పి, పటము పై అంచునగల రేఖాంశపు కొలతమీద 60 నిమిషములు కొలిచి చుక్క పెట్టెను. మైళ్లను ప్రక్క అంచున అక్షాంశపు కొలతమీదనే కొలువవలెను. మన అక్షాంశమున రేఖాంశపు నిమిషము మైలుకంటె కొంచెము చిన్నది. అతని పడవ మూడు మైళ్లు వెనుకబడెను.

తప్పు చూపగా కొంతసేపు తల గోకుకొని, "అయ్యగారూ, ఫోనైతే ఈ తప్పు చేయదు గదా?" అనెను.

చేయదంటిమి. అతడు రబ్బరు తీసికొని చుక్కను చెరపి, ప్రక్క అంచునకు స్కేలు జరిపెను.